లారీ దొరుకుతుంది, దారే దొరకదు: అరిజోనా ఎడారిలో భారీ సరుకు రవాణా

ఫీనిక్స్ నగరానికి పడమరగా యాభై మైళ్ల దూరంలో పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రం ఉంది. మూడు యూనిట్లు, ఒక్కో యూనిట్‌లో రెండు ఆవిరి జనరేటర్లు, అంటే రియాక్టర్ వేడితో నీటిని ఆవిరి చేసే పెద్ద పాత్రలు. 2003 నుంచి 2007 మధ్య ఆ ఆరింటినీ తీసేసి కొత్తవి పెట్టారు. కొత్తవి ఇటలీలో తయారయ్యాయి. ఒక్కొక్కటి దాదాపు 800 టన్నులు. అరిజోనాకి సముద్రం లేదు. మరి ఇటలీ నుంచి వచ్చిన ఓడ ఎక్కడ ఆగాలి?

పటం చూస్తే కాలిఫోర్నియా రేవులు కనిపిస్తాయి. అక్కడి నుంచి ఐ-10 హైవే తిన్నగా ఫీనిక్స్ వస్తుంది. కానీ ఆ జనరేటర్లు అటు రాలేదు. మెక్సికోలో ప్యూర్టో పెన్యాస్కో అనే చిన్న సముద్రతీరపు ఊరు ఉంది, చేపల వేటకీ బీచ్‌లకీ పేరున్నది. ఓడ అక్కడికి వెళ్లింది. అక్కడ జనరేటర్లను దించి, బోలెడు చక్రాల ట్రైలర్ల మీదకి ఎక్కించి, సరిహద్దు దాటించి, ఎడారి మధ్య రోడ్డు మీద నెమ్మదిగా ఉత్తరానికి నడిపించారు.

ఈ రంగం అర్థం కావాలంటే ముందు ఈ ఒక్క సంగతి మీద మనసు పెట్టాలి. అంత బరువు లాగే బండ్లు కాలిఫోర్నియాలోనూ ఉన్నాయి. దొరకనిది దారి. మహానగరం గుండా వచ్చే దారిలో ప్రతి మైలుకీ ఒక వంతెన, ఒక ఫ్లైఓవర్, వాటి కింద ఒక ఎత్తు పరిమితి. ఖాళీ ఎడారిలో అవి తక్కువ. భారీ రవాణా కంపెనీకి మనం ఇచ్చే డబ్బులో లారీ అద్దె ఒక భాగమే. మిగతాదంతా దారి వెతకడానికీ, ఆ దారిలో వెళ్లనివ్వమని అడగడానికీ, ఆ కాసేపు దారిని ఖాళీగా ఉంచడానికీ అయ్యే ఖర్చు.

ఎంత దాటితే భారీ?

అమెరికా జాతీయ రహదారుల మీద మామూలు లారీ, సరుకుతో కలిపి, 80,000 పౌండ్లు మించకూడదు. మన లెక్కలో 36 టన్నుల చిల్లర. ఒక్క ఇరుసు మీద 20,000 పౌండ్లు, దగ్గరదగ్గరగా ఉన్న జంట ఇరుసుల మీద 34,000 పౌండ్లు పరిమితి. వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. ఎత్తు విషయం మాత్రం కేంద్రం రాష్ట్రాలకే వదిలేసింది. అరిజోనాలో పదమూడున్నర అడుగులు, పక్కనున్న నెవాడాలో 14 అడుగులు.

వీటిలో ఏ ఒక్కటి దాటినా పర్మిట్ కావాలి. అయితే అధిక బరువు, అధిక పరిమాణం ఒకటి కావు. గాలిమర రెక్క పెద్దగా బరువుండదు, దాని చిక్కంతా పొడవుతోనే. ట్రాన్స్‌ఫార్మర్ చూడ్డానికి ఒక గదంతే ఉంటుంది, బరువు మాత్రం వంద టన్నులు దాటొచ్చు. ఫ్యాక్టరీలో కట్టి రెండు ముక్కలుగా తెచ్చే ఇల్లు తేలికే, కానీ వెడల్పు. మన అనంతపురం, కర్నూలు వైపు గాలిమరలు పెట్టిన రోజుల్లో ఊరి మలుపు తిరగలేక ఆగిన రెక్కల ట్రైలర్లను చూసినవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

సరుకు బరువుగా ఉన్నంత మాత్రాన పర్మిట్ ఇచ్చేయరు. చట్టం ముందు అడిగే ప్రశ్న వేరు: దీన్ని విడదీయొచ్చా? విడదీస్తే దాని ఉపయోగం దెబ్బతినాలి, లేదా విలువ పోవాలి, లేదా సరైన పరికరాలతో విప్పడానికి కూడా ఎనిమిది పనిగంటల కంటే ఎక్కువ పట్టాలి. ఈ మూడింటిలో ఒకటైనా నిజమైతేనే దాన్ని విడదీయరాని సరుకుగా ఒప్పుకుంటారు. నలభై టన్నుల ఇసుకకీ ఇనుప కడ్డీల కట్టలకీ ఇలాంటి పర్మిట్ దొరకదు, రెండు లారీల్లో వేసుకోమంటారు.

అరిజోనా రాగి గనుల్లో ఈ తేడా కళ్లకి కడుతుంది. అమెరికా తవ్వే రాగిలో మూడింట రెండు వంతులకు పైగా ఈ ఒక్క రాష్ట్రానిదే. మొరెన్సీ లాంటి గనుల్లో తిరిగే క్యాటర్‌పిల్లర్ 797 రకం డంపర్ ఒక్క విడతలో 400 అమెరికన్ టన్నులు, అంటే మన 360 టన్నుల రాయి మోస్తుంది. దాని టైరు ఎత్తే 13 అడుగులు. అంతటి బండి గనికి ఎలా చేరుతుంది? ముక్కలుగా. పన్నెండు, పదమూడు లారీల్లో విడిభాగాలు వస్తాయి, గని దగ్గర బిగిస్తారు. అందులో కొన్ని ముక్కలు మళ్లీ అధిక పరిమాణమే, కానీ మొత్తం బండిని ఒకేసారి రోడ్డెక్కించే పని తప్పుతుంది. ఆవిరి జనరేటర్‌కి ఆ వెసులుబాటు లేదు. వేల గొట్టాలు లోపల అమర్చి, చుట్టూ వెల్డింగ్ చేసి మూసేసిన పాత్ర అది. కోస్తే పనికిరాదు.

వంతెన ఏం లెక్క చూస్తుంది

ఇక్కడే చాలామంది పొరబడతారు. వంతెన కూలేది మొత్తం బరువు ఎక్కువైతేనే అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ అంతకంటే ముందు చూడాల్సింది ఆ బరువు ఎంత పొడవున పరచుకుని ఉందన్నది. నులక మంచం మీద ఒంటికాలి మీద నిలబడితే నులక కిందికి కుంగిపోతుంది. అదే మనిషి వెల్లకిలా పడుకుంటే మంచం హాయిగా మోస్తుంది. మనిషి బరువు మారలేదు, అది ఆనే చోటు పెరిగింది.

దీన్నే అమెరికా 1975లో చట్టంలో ఒక సూత్రంగా రాసింది. బ్రిడ్జ్ ఫార్ములా అంటారు. ఎన్ని ఇరుసులున్నాయి, మొదటి ఇరుసుకీ చివరి ఇరుసుకీ మధ్య ఎన్ని అడుగులుంది, ఈ రెండూ పెట్టి లెక్కిస్తే ఆ ఇరుసుల గుంపు మీద ఎంత మోయొచ్చో తేలుతుంది. మూడు ఇరుసులు 20 అడుగుల నిడివిలో ఉంటే 51,000 పౌండ్లు. అవే మూడు ఇరుసుల్ని 30 అడుగులకి జరిపితే 58,500. ఒక్క చక్రం కూడా కొత్తగా కలపకుండానే ఏడున్నర వేల పౌండ్లు కలిసొచ్చాయి. ఐదు ఇరుసుల మామూలు లారీకి పూర్తి 80,000 పౌండ్లు దక్కాలంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా 51 అడుగులుండాలి. అమెరికా లారీలు అంత సాగదీసినట్టు పొడవుగా ఉండటం వెనక ఈ లెక్క ఉంది.

రోడ్డు సంగతి వేరు. వంతెనకి పొడవు ముఖ్యం, తారుకి మాత్రం ఒక్కో ఇరుసు మీద పడే బరువే ముఖ్యం. 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర ప్రయోగం కోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలు అదేపనిగా తిప్పి చూశారు. ఇరుసు బరువు పెరిగితే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అప్పుడు తేలింది. అంటే ఇరుసు మీద బరువు రెట్టింపు చేస్తే రోడ్డు రెండింతలు కాదు, సుమారు పదహారింతలు పాడవుతుంది. రవాణా ఖర్చులో ఒక ఇరుసు మిగుల్చుకుందామనుకునేవాళ్లు మొదట చూడాల్సిన లెక్క ఇది.

అందుకే భారీ రవాణా పనిముట్లన్నీ బరువును పంచే పనిముట్లే. మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్ లాంటి యంత్రానికి లోబాయ్ అనే, నేలకి దగ్గరగా ఉండే ట్రైలర్ వాడతారు. లారీకి తగిలించే దాని మెడ భాగం ఊడదీస్తే ముందు వైపు నేలకి ఆనుతుంది, యంత్రం తనంతట తానే పైకి ఎక్కేస్తుంది. ఇంకా బరువుంటే లారీకీ ట్రైలర్‌కీ మధ్య జీప్ అనే చిన్న ఇరుసుల బండి, వెనక బూస్టర్ అనే మరో బండి తగిలిస్తారు. అదీ చాలనప్పుడు మాడ్యులర్ ట్రైలర్లు వస్తాయి. ఇరుసుల వరుసలు ఒకదానికొకటి బిగించుకుంటూ పోవచ్చు. ప్రతి వరుస కింద హైడ్రాలిక్ జాక్‌లు ఉంటాయి, రోడ్డు ఎగుడుదిగుడైనా అన్ని చక్రాల మీదా బరువు సమానంగా ఆనుతుంది. మలుపులో వెనక చక్రాలూ తిరుగుతాయి. రెండు లేన్లు ఆక్రమించేంత వెడల్పుగా ఉండే రకం కూడా ఉంది. ముందు రెండు మూడు లారీలు లాగుతుంటే, వెనక నుంచి మరికొన్ని నెడతాయి.

పక్క రాష్ట్రం నెవాడాలో 2020లో ఇలాంటి ప్రయాణమే ఒకటి జరిగింది. కాలిఫోర్నియా తీరంలో మూతపడిన శాన్ ఓనోఫ్రే అణు కేంద్రం నుంచి దాదాపు 770 టన్నుల రియాక్టర్ పాత్రను యూటాలోని క్లైవ్‌కి తీసుకెళ్లాలి. లాస్ వేగస్ దగ్గరి ఏపెక్స్ వరకు రైల్లో తెచ్చి, అక్కడ రోడ్డెక్కించారు. లాస్ వేగస్ నుంచి యూటాకి దగ్గర దారి ఐ-15. అది వదిలేసి, తూర్పు నెవాడాలో మనుషులు అరుదుగా కనిపించే రోడ్ల మీదుగా ఉత్తరానికి తిప్పారు. ఇక్కడా దూరం కంటే దారికే విలువ ఇచ్చారు.

ఓడ నుంచి ట్రైలర్‌కి, రైలు నుంచి ట్రైలర్‌కి మార్చే ఘడియ అన్నిటికంటే ప్రమాదకరం. ఇది మన హైదరాబాదుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు భువనగిరి దగ్గర రాయగిరి నుంచి రోడ్డు మీద క్షేమంగానే వచ్చాడు. 1990 మార్చిలో బల్లకట్టు మీదికెక్కాక అది ఒరిగింది. విగ్రహం నీళ్లలో మునిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 దాకా విగ్రహం చెరువు అడుగునే ఉంది. చక్రాల మీద సమంగా పంచిన బరువు చేయి మారేటప్పుడు ఒక్క వైపుకి చేరితే ఏమవుతుందో ఆ రోజు చూశాం. అందుకే అరిజోనాలోని మంచి కంపెనీలు ప్రయాణానికి ఎంత ప్లాన్ వేస్తాయో, ఎక్కించడానికీ దించడానికీ అంతకు తగ్గకుండా వేస్తాయి.

కాగితాల దారి

అమెరికా మొత్తానికి చెల్లే ఒకే భారీ రవాణా పర్మిట్ అనేది లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విడిగా ఇస్తుంది. దీనికి మంచి ఉదాహరణ అరిజోనా వాయవ్య మూల. లాస్ వేగస్ నుంచి యూటా వెళ్లే ఐ-15 మధ్యలో ఒక 29 మైళ్లు అరిజోనా గుండా, వర్జిన్ నది కొండ ఇరుకులోంచి పోతుంది. కారులో వెళ్లేవాళ్లకి అరిజోనా వచ్చిందని తెలిసేలోపే అయిపోతుంది. భారీ సరుకు లారీకి మాత్రం ఆ 29 మైళ్ల కోసం మూడో రాష్ట్రం పర్మిట్, ఆ ఇరుకులో ఉండే వెడల్పు ఆంక్షలు తప్పవు.

అరిజోనాలో రవాణా శాఖ పర్మిట్లను ముఖ్యంగా రెండు మెట్లుగా చూడొచ్చు. 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు, 120 అడుగుల పొడవు, 2,50,000 పౌండ్ల బరువు. ఇంతవరకు క్లాస్ ఏ కిందికి వస్తుంది. ఇందులో దేన్ని దాటినా క్లాస్ సీ. అక్కడి నుంచి అది దరఖాస్తు నింపితే అయిపోయే పని కాదు. ఏ ట్రైలర్, ఎన్ని ఇరుసులు, ఇరుసుకీ ఇరుసుకీ మధ్య ఎన్ని అడుగులు, ఒక్కోదాని మీద ఎంత బరువు అన్నది బొమ్మ గీసి ఇవ్వాలి. దారిలోని వంతెనల్ని ఆ బొమ్మతో పోల్చి లెక్కేస్తారు. కుదరకపోతే దారి మార్చమంటారు, లేదంటే ఇంకో రెండు ఇరుసులు కలపమంటారు.

పర్మిట్‌లో రాసిన దారి అంటే ఆ దారే. డ్రైవర్‌కి ఒక ఎగ్జిట్ తప్పిపోయిందనుకోండి, తర్వాతి ఎగ్జిట్‌లో తిరిగి రావడం మనకైతే మామూలు విషయం. అతనికి అది పర్మిట్ లేకుండా రోడ్డు మీద ఉన్నట్టే. ముందున్న వంతెన ఆ బరువు మోస్తుందో లేదో ఎవరూ చూసి ఉండరు.

రాష్ట్రం ఇచ్చే పర్మిట్ రాష్ట్ర రహదారులకే పనికొస్తుంది. హైవే దిగి ఫ్యాక్టరీ గేటు దాకా ఉండే నగర వీధికి నగరం, కౌంటీ (మన జిల్లా లాంటిది) రోడ్డుకి కౌంటీ అనుమతి ఇవ్వాలి. అరిజోనా విస్తీర్ణంలో పావువంతుకు పైగా ఆదివాసీ తెగల భూమి, వాళ్ల రోడ్ల మీదికి వెళ్లాలంటే ఆ తెగ ప్రభుత్వాన్ని అడగాలి. వేల మైళ్లు వచ్చిన సరుకు చివరి రెండు మైళ్ల దగ్గర ఆగిపోయేది ఇందువల్లే. ఇన్ని చోట్ల విడివిడిగా అడగాల్సి రావడం వృథా అని ఈ రంగంలో చాలామంది అంటారు. నా అభిప్రాయం కొంచెం వేరు. దరఖాస్తు ఒకే చోట తీసుకోవచ్చు, అది బాగుపడాల్సిందే. కానీ ఆ కల్వర్టు ఎంత పాతదో, ఆ మలుపులో ఏ కరెంటు స్తంభం అడ్డొస్తుందో తెలిసేది అక్కడివాళ్లకే. వాళ్లని అడక్కుండా కుదరదు.

గడియారం కూడా ఒక చిక్కే. ఇలాంటి సరుకు సాధారణంగా పగటిపూటే కదలాలి, ఫీనిక్స్, టూసాన్ చుట్టుపక్కల ఆఫీసు రద్దీ వేళల్లో ఆగాలి. మరీ పెద్దవైతే ట్రాఫిక్ లేని వేళ చూసి పోలీసుల తోడుతో పంపుతారు. పైగా అరిజోనా వేసవిలో గడియారం గంట ముందుకు తిప్పదు, చుట్టూ ఉన్న రాష్ట్రాలు తిప్పుతాయి. అరిజోనా ఈశాన్య మూలలోని నవాహో నేషన్ అనే ఆదివాసీ ప్రాంతం కూడా తిప్పుతుంది. చలికాలంలో లాస్ వేగస్‌కీ ఫీనిక్స్‌కీ గంట తేడా, వేసవిలో తేడా లేదు. యూటాతో సరిగ్గా దీనికి తిరగేసిన లెక్క. సరిహద్దు దాటేటప్పుడు రద్దీ ఆంక్ష ఏ గడియారం ప్రకారమో చూసుకోకపోతే సగం రోజు పోతుంది.

ముందు వెళ్లే చిన్న కారు

భారీ సరుకు ముందు పసుపు దీపాలు తిప్పుకుంటూ వెళ్లే పైలట్ కారును చూసే ఉంటారు. హెచ్చరిక కోసమే అనుకుంటాం. ఆ కారు బంపర్‌కి నిటారుగా ఒక సన్నటి గడ ఉంటుంది, దాన్ని హైట్ పోల్ అంటారు. సరుకు ఎత్తు కంటే కొన్ని అంగుళాలు ఎక్కువ పెట్టి బిగిస్తారు. అది ఫ్లైఓవర్‌కో తీగకో తగిలిందంటే వెనకాల వచ్చే సరుకు కూడా తగిలే ప్రమాదం ఉంది. పైలట్ రేడియోలో చెప్పాలి, లారీ ఆగాలి. వాళ్లిద్దరి మధ్య ఆగేంత దూరం ఉండాలి.

ఈ పని ఎంత విలువైనదో వాషింగ్టన్ రాష్ట్రంలో తెలిసొచ్చింది. 2013 మే 23న స్కాజిట్ నది మీది ఐ-5 వంతెన పైకమ్మీలకి అధిక ఎత్తు సరుకొకటి తగిలి, వంతెనలో ఒక భాగం నదిలో కూలింది. కార్లు నీళ్లలో పడ్డాయి, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. పైలట్ కారు డ్రైవర్ ఆ సమయంలో ఫోన్లో మాట్లాడుతున్నట్టు, లారీ మరీ దగ్గరగా వెనకే వస్తున్నట్టు దర్యాప్తులో తేలింది. ఆ వంతెన పైభాగం కమానులా వంగి ఉంటుంది, లోపలి లేన్‌లో వెళ్లి ఉంటే ఎత్తు సరిపోయేది. అక్కడ సమస్య బరువు కాదు, కొన్ని అంగుళాలు. ధర తగ్గించమని బేరమాడేటప్పుడు ముందుగా కోత పడేది ఈ పైలట్ మీదే. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఎడారి పెట్టే పరీక్ష

ఎడారిలో రోడ్లు వెడల్పు, జనం తక్కువ, కాబట్టి పని తేలిక అనిపిస్తుంది. జనం తక్కువైన చోట రోడ్లు కూడా తక్కువ. ఒక దారి మూసేస్తే రెండో దారి వంద మైళ్ల అవతల ఉండొచ్చు. ఫీనిక్స్ నుంచి లాస్ వేగస్ వెళ్లే యూఎస్-93 ఒకప్పుడు హూవర్ డ్యామ్ మీదుగానే పోయేది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత డ్యామ్ మీద పెద్ద లారీల్ని ఆపేశారు. 2010 అక్టోబర్‌లో పక్కన కొత్త వంతెన తెరిచేదాకా, అంటే దాదాపు తొమ్మిదేళ్లు, లారీలన్నీ దక్షిణంగా లాఫ్లిన్ మీదుగా చుట్టు తిరిగాయి.

ఎండ సంగతి. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకింది లేదా దాటింది, అంటే 43 సెల్సియస్ పైన. అది నీడలో కొలిచిన గాలి వేడి. రోడ్డు ఉపరితలం అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. టైరు బరువు మోస్తూ తిరిగినప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది, కింద నుంచి తారు వేడి తోడవుతుంది. అందులో ఒక్క టైరులో గాలి తక్కువున్నా అది ఎక్కువగా నలిగి, ఇంకా వేడెక్కి, పగిలిపోతుంది. వంద చక్రాలున్న ట్రైలర్‌లో ఆ ఒక్కదాన్ని పట్టుకోవాలంటే దారిలో ఆగి, దిగి, చూడటమే మార్గం. నీడ లేని చోట, ఆ ఎండలో, మనిషి చేసే పని అది.

వేసవిలో పగలు పద్నాలుగు గంటలుంటుంది. కానీ కేంద్ర నిబంధనల ప్రకారం డ్రైవర్ ఒక పనిరోజులో 11 గంటలకి మించి నడపకూడదు. చలికాలంలో డ్రైవర్‌కి గంటలుంటాయి, పగలు మాత్రం పదే గంటలు. రద్దీ వేళలు, టైర్లు చూసుకునే ఆగుళ్లు తీసేస్తే చేతిలో మిగిలేది తక్కువ. కారులో అరపూట ప్రయాణానికి వీళ్లు రెండు రోజులు, మూడు రోజులు ఎందుకు చెప్తారో ఇప్పుడు అర్థమవుతుంది.

పైగా అరిజోనా అంతా చదునైన ఇసుక కాదు. ఫీనిక్స్ సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తులో ఉంటే, ఐ-17 మీద ఉత్తరాన ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగులు. జనవరిలో కింద చొక్కా చాలినంత ఎండ కాస్తుంటే పైన మంచు పడుతుంటుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కుతుంది, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. 2,00,000 పౌండ్ల బండికి ఈ దిగుడే ఎక్కువ టెన్షన్.

వేసవి రెండో సగంలో, ఇక్కడి వర్షాకాలంలో, దుమ్ము తుపానులొస్తాయి. 2011 జులై 5న ఫీనిక్స్‌ను కప్పేసినది దాదాపు మైలు ఎత్తున గోడలా లేచింది. ఐ-10 మీద ఎలోయ్ నుంచి పికాచో పీక్ వరకు ఉన్న పది మైళ్లు ఎంత ప్రమాదకరమంటే, దుమ్మును పసిగట్టి వేగపరిమితిని అప్పటికప్పుడు తగ్గించే వ్యవస్థను రాష్ట్రం అక్కడ పెట్టింది. చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఉండి టూసాన్ వెళ్లొచ్చే మనవాళ్లకి ఆ బోర్డులు పరిచయమే. దుమ్ములో చిక్కుకుంటే రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపాలి, లైట్లన్నీ ఆర్పేయాలి, బ్రేక్ మీద నుంచి కాలు తీయాలి. వెలుగుతున్న ఎర్రలైటు చూసి, అదే లేను అనుకుని, వెనకవాళ్లు గుద్దేస్తారు. చిన్న కారుకి ఇది సాధ్యమే. పద్నాలుగు అడుగుల వెడల్పు సరుకు రోడ్డు పక్క జాగాలో పట్టదు. అందుకే ఈ డ్రైవర్లు మధ్యాహ్నం మబ్బు చూసి ముందుగానే ఎక్కడ ఆగాలో తేల్చుకుంటారు.

ధర అడిగేముందు

అరిజోనాలో ఇప్పుడు ఈ సేవలకి గిరాకీ పెరుగుతోంది. ఉత్తర ఫీనిక్స్‌లో టీఎస్ఎంసీ, చాండ్లర్‌లో ఇంటెల్ చిప్ ఫ్యాక్టరీల కోసం పెద్ద పెద్ద యంత్రాలు వస్తున్నాయి, సోలార్ కేంద్రాలకి ట్రాన్స్‌ఫార్మర్లు వస్తున్నాయి. వాటిని పెద్ద కంపెనీలు చూసుకుంటాయి. కానీ చిన్న వ్యాపారం పెట్టుకుని ఒక వాడిన ఎక్స్‌కవేటర్ కొన్నవాళ్లు, ప్రింటింగ్ ప్రెస్ యంత్రం తెప్పించుకునేవాళ్లు కూడా ఈ గుమ్మం ముందుకే వస్తారు. వాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా ఒకే చోట. నాలుగు కొటేషన్లు వస్తాయి, ఒకటి మిగతావాటిలో సగమే ఉంటుంది.

ఆ సగం ధరలో ఏం లేదో అడగండి. పర్మిట్ ఫీజులు, పైలట్ కార్లు, పోలీస్ ఎస్కార్ట్, క్రేన్, దారి ముందుగా చూసొచ్చే సర్వే ఖర్చు, పర్మిట్ ఆలస్యమైతే రోజుకి పడే నిరీక్షణ చార్జీ. ఇవన్నీ చేర్చి రాసినవాడి ధర ఎక్కువ కనిపిస్తుంది, చేర్చనివాడి ధర తక్కువ కనిపిస్తుంది. చివరికి బిల్లులో రెండూ దగ్గరికే వస్తాయి. తేడా ఏమిటంటే, రెండోచోట మన సరుకు అప్పటికే వాళ్ల ట్రైలర్ మీద ఉంటుంది.

తర్వాత, మాట్లాడేది లారీలున్న కంపెనీయా, మధ్యవర్తి బ్రోకరా అన్నది తెలుసుకోవాలి. బ్రోకర్ ఉండటం తప్పు కాదు, అరుదైన ట్రైలర్ ఎక్కడ ఖాళీగా ఉందో వాళ్లకే తెలుస్తుంది. కానీ సరుకు మోసేది వేరేవాళ్లు. బ్రోకర్ కేంద్రం దగ్గర పెట్టాల్సిన పూచీ 75,000 డాలర్లు, అదీ అతని మీద ఫిర్యాదు చేసిన అందరికీ కలిపి. రవాణా కంపెనీకి చట్టం అడిగే కనీస బీమా 7,50,000 డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే, కానీ అది రోడ్డు మీద ఇతరులకి జరిగే నష్టానికి. మన యంత్రానికి కాదు. సరుకు బీమా వేరే ఉండాలి, అది ఎంత మొత్తానికో, ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ వర్తిస్తుందో లేదో కాగితం మీద చూడాలి. ప్రతి కంపెనీకీ కేంద్ర రవాణా శాఖ ఇచ్చే యూఎస్‌డాట్ నంబర్ ఉంటుంది. దాన్ని కేంద్ర రవాణా భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే అనుమతి చెల్లుతోందో లేదో ఉచితంగా తెలుస్తుంది. ఒప్పందంలో ఉన్న పేరు, సరుకు ఎత్తుకోవడానికి వచ్చిన లారీ తలుపు మీది పేరు ఒకటేనా అన్నది కూడా ఆ రోజు చూసుకోవాలి. వేరైతే, ఎక్కించేముందే ఫోన్ చేయాలి.

మన వైపు నుంచి ఇవ్వాల్సింది కొలతలు. యంత్రం బ్రోచర్‌లో ఉన్న కొలత కాదు, అది ఇప్పుడున్న స్థితిలో టేపు పెట్టి కొలిచింది. ఎక్స్‌కవేటర్ బకెట్ పెద్దది బిగించి ఉండొచ్చు, క్యాబిన్ పైన ఏసీ పెట్టించి ఉండొచ్చు. మామూలు ఫ్లాట్‌బెడ్, అంటే చదునైన ట్రైలర్, నేల నుంచి దాదాపు ఐదు అడుగుల ఎత్తుంటుంది, పదమూడున్నరలో సరుకుకి మిగిలేది ఎనిమిదిన్నరే. లోబాయ్ అయితే రెండడుగుల లోపే, కాబట్టి పదకొండున్నర దాకా వస్తుంది. పైన ఆరు అంగుళాల ఏసీ పెట్టె ఉందో లేదో అన్నదాన్ని బట్టి ట్రైలర్ మారొచ్చు, పర్మిట్ మారొచ్చు, దారే మారొచ్చు. కొలతలు, నాలుగు వైపుల నుంచి ఫొటోలు, బరువు రాసి ఉన్న ఇనుప పలక ఫొటో, ఎక్కించే చోటా దించే చోటా గేటు వెడల్పు, పైన వేలాడే తీగలు. ఇవి అడక్కుండానే ధర చెప్పేసినవాడికి పని ఇవ్వకండి. తిరుగు ప్రయాణంలో ఖాళీ ట్రైలర్ ఖర్చు ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాయించుకోండి.